అద్దం ముందు నోరు విప్పండి

కూరగాయల బండి దగ్గర కరివేపాకు కొసరు వేయకపోతే ఊరుకోం. చీరల షాపులో యాభై చీరలు దింపించి, ఒక్కటీ నచ్చలేదని లేచి రావడానికి మొహమాటపడం. అలాంటి వాళ్లమే బ్యూటీ పార్లర్ కుర్చీలో కూర్చోగానే నోట మాట రాని మనుషులమైపోతాం. 'ఇంకొంచెం తీసెయ్యనా మేడమ్?' అంటే తలూపుతాం. ఎందుకు ఊపామో ఇంటికొచ్చి, కూతురు 'ఇదేంటమ్మా ఇలా కత్తిరించింది' అన్నాక ఆలోచిస్తాం.

ఇది పిరికితనం కాదు, ఆ కుర్చీ ఏర్పాటే అలాంటిది. కళ్లజోడు తీసి పక్కన పెట్టమంటారు. మెడ చుట్టూ గుడ్డ బిగిస్తారు, చేతులు దాని కింద ఉండిపోతాయి. జుట్టు తడిపి నుదుటికి అతికేలా దువ్వుతారు. ఆ తెల్లటి లైట్ల కింద ఎంతటి అందగత్తెకైనా తన మొహం తనకే నచ్చదు. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక గొంతు వినిపిస్తుంది: 'హెయిర్ చాలా డ్యామేజ్ అయింది మేడమ్, ఏం వాడుతున్నారు?' అడిగింది ప్రశ్నే, కానీ మనకు నేరారోపణలా వినిపిస్తుంది. కొబ్బరినూనె అని చెప్పడానికి కూడా సిగ్గేస్తుంది. ఆ సిగ్గులోంచే ముందు హెయిర్ స్పా, తర్వాత కెరాటిన్, చివరికి ఆరు సిట్టింగుల ప్యాకేజీ పుడతాయి.

జుట్టును దేవుడిచ్చినట్టే ఉంచుకోవాలనుకునే వాళ్ల కోసం ఈ అధ్యాయం. రింగులైనా, అలలైనా, ఒత్తైనా, నెరిసినా దాన్ని అలాగే బాగా చూసుకోవాలి, దానికి పార్లర్ సాయం కావాలి. ఈ రెంటికీ పొత్తు కుదరదని చాలామంది అనుకుంటారు. కుదురుతుంది. మాట్లాడడం తెలిస్తే చాలు, అదీ జుట్టు తడవకముందే.

అటువైపు మనిషి

ముందు కుర్చీ వెనక నిలబడ్డ అమ్మాయి గురించి. ఆమె మీ శత్రువు కాదు. పెద్ద సెలూన్లలో పనిచేసే వాళ్లకు చాలాచోట్ల నెలవారీ టార్గెట్లు ఉంటాయి. జీతం కొంతే, మిగతాది టార్గెట్ దాటితే వచ్చే కమీషన్. ట్రిమ్మింగ్‌కి వచ్చిన మనిషిని ట్రిమ్మింగ్‌తో పంపించేస్తే ఆమెకు మిగిలేది తక్కువ. అందుకే 'డ్యామేజ్ అయింది' అనే మాట. అది నిజం కావచ్చు, కాకపోనూ వచ్చు. తేల్చుకునే మార్గం ఒకటుంది: 'ఎక్కడ డ్యామేజ్ అయిందో చూపించండి' అని అడగండి. నిజంగా చూసి చెప్పిన మనిషైతే ఒక పాయ తీసి, చివర్లు చిట్లిన చోటు వేలితో చూపిస్తుంది. అలవాటుగా అన్న మనిషైతే 'ఓవరాల్‌గా మేడమ్' అంటుంది. ఆ 'ఓవరాల్' వినబడిందంటే మీరిక నిశ్చింతగా 'ఇవాళ్టికి ట్రిమ్మింగ్ చాలమ్మా' అనేయొచ్చు.

జుట్టు రాలడం సంగతీ అంతే. తలంటేటప్పుడు వేళ్లకు చుట్టుకున్న వెంట్రుకలు చూపించి 'హెయిర్ ఫాల్ ఎక్కువుంది' అంటారు. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు యాభై నుంచి వంద రాలడం ఆరోగ్యవంతులకూ మామూలే. మూడు రోజులు తలంటుకోకపోతే ఆ మూడు రోజులవీ ఒక్కసారే చేతికొస్తాయి. పాపిడి వెడల్పవుతోందా, జడ సన్నబడిందా అన్నది అసలు లెక్క. అది జరుగుతుంటే వెళ్లాల్సింది చర్మవైద్యుల దగ్గరికి. రక్తహీనత, థైరాయిడ్ లాంటివి హెయిర్ స్పాతో తగ్గవు.

ఇంకో మాట. హైదరాబాద్ సెలూన్లలో కత్తెర పట్టుకునే వాళ్లలో ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. 'కొసలు కొంచెం సమంగా చెయ్యి తల్లీ' అంటే అర్థం కాకపోవచ్చు. 'కొంచెం' అనేది ఏ భాషలోనైనా ప్రమాదకరమైన కొలతే. వేలితో చూపించండి. 'ఇంత' అని రెండు కణుపులు చూపించి, ఆమె చేత కూడా చూపించుకోండి. ఇది అతి జాగ్రత్తేమీ కాదు. దర్జీ దగ్గర జాకెట్టుకు మనం చేసే పనే.

రింగుల జుట్టు ఉన్నవాళ్లకు

తెలుగిళ్లలో రింగుల జుట్టు ఆడపిల్ల పెరిగే తీరు ఇంచుమించు ఒకటే. ఆముదమో కొబ్బరినూనో పట్టించి, చిక్కు తీస్తూ నాలుగు తిట్లు తిట్టి, రెండు జడలు బిగించి స్కూలుకి పంపిస్తారు. ఆదివారం తలంటుకుని విరబోసుకుంటే 'పిచ్చుక గూడు' అంటారు. ఇరవై ఏళ్లు ఈ మాట విన్న అమ్మాయికి, మొదటి జీతం రాగానే స్మూతనింగ్ చేయించుకోవాలనిపించడంలో వింతేముంది? పార్లర్‌లో ఎవరూ ఆమెను బలవంతపెట్టనక్కర్లేదు. ఇంట్లోవాళ్లు సగం పని అప్పటికే చేసిపెట్టారు.

అసలు లోపం జుట్టులో లేదు, దాన్ని సాఫీ జుట్టులా చూడడంలో ఉంది. ఆరిన రింగుల జుట్టును దువ్వితే ఏ పాయకు ఆ పాయ విడిపోయి గుబురుగా లేస్తుంది. తడిగా, కండిషనర్‌తో జారుతున్నప్పుడే వేళ్లతోనో, వెడల్పు పళ్ల దువ్వెనతోనో కొసల నుంచి పైకి చిక్కు తీయాలి. తువ్వాలుతో రుద్దకుండా పాత కాటన్ టీషర్టుతో అద్దాలి. పార్లర్‌లో ఇదంతా తలకిందులవుతుంది. గరగర తువ్వాలుతో రుద్ది, రౌండ్ బ్రష్‌తో లాగి, వేడిగాలితో సాఫీ చేసి, 'ఎంత బాగుందో చూడండి' అంటారు. బాగుంటుంది, మళ్లీ తల తడిసేదాకా.

కత్తెర దగ్గర ఇంకో చిక్కుంది. తడిసిన వెంట్రుకలో నీరు చేరి లోపలి హైడ్రోజన్ బంధాలు సడలుతాయి, రింగు సాగి పొడుగవుతుంది. ఆరాక మళ్లీ ముడుచుకుంటుంది. తడిమీద భుజం కిందికి కనిపించిన జుట్టు, ఆరాక చెవి దాకా ఎక్కి కూర్చోవచ్చు. పైగా తలలో అన్ని రింగులూ ఒకేలా ఉండవు. మెడ దగ్గర బిగుతుగా, నడినెత్తిన వదులుగా ఉండడం చాలా మామూలు. తడిమీద సమంగా కత్తిరించింది ఆరాక ఎగుడుదిగుడుగా లేస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియకే ఎంతమంది ఏడుస్తూ ఇంటికెళ్లారో.

అందుకే రింగుల జుట్టువాళ్లు పొడి కత్తిరింపు అడగాలి. న్యూయార్క్‌లో హెయిర్ స్టైలిస్ట్‌గా పేరు తెచ్చుకున్న లొరెయిన్ మాసీ 2001లో 'కర్లీ గర్ల్' అనే పుస్తకం రాసి ఈ పద్ధతిని ఇల్లిల్లూ తిప్పారు. సల్ఫేట్ షాంపూలు మానడం, దువ్వెన పక్కన పెట్టడం, ఆరిన జుట్టును ఒక్కో రింగూ చూసి కత్తిరించడం అందులోవే. మన నగరాల్లో ఇప్పుడు 'కర్లీ కట్' చేసే వాళ్లున్నారు, రేటు మామూలు కత్తిరింపు కన్నా బాగా ఎక్కువ. అంత పెట్టలేకపోతే మీ వీధి పార్లర్‌లోనే 'తడపకుండా కత్తిరించండి, సగం సగం తీయండి' అని అడగండి. చేయనంటే మామూలుగా తీసే పొడవులో సగమే తీయించుకోండి. కావాలంటే వచ్చే నెల మిగతా సగం తీయించుకోవచ్చు, తెగినదాన్ని అతికించలేం. జుట్టు పెరిగేది నెలకు సెంటీమీటరు, కాస్త ఎక్కువ.

జుట్టు తీరు చెప్పడానికి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెల పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. అమెరికా టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీకి జుట్టు దిద్దిన ఆండ్రీ వాకర్ పెట్టింది అది. సాఫీ జుట్టుకు ఒకటి, అలలకు రెండు, రింగులకు మూడు, బిగుతైన చుట్టలకు నాలుగు. మనవాళ్లలో రెండు, మూడు ఎక్కువగా కనిపిస్తాయి. అంకె తెలిస్తే స్టైలిస్ట్‌తో మాట తేలికవుతుంది, అంతవరకే దాని ఉపయోగం. గ్లాసు నీళ్లలో వెంట్రుక వేసి తేలుతుందా మునుగుతుందా అని చూసే యూట్యూబ్ పరీక్షను మాత్రం నమ్ముకోకండి. నూనె అంటిన వెంట్రుక ఎలాగూ తేలుతుంది.

సాఫీ చేసే మందుల గురించి కాస్త వివరంగా

రీబాండింగ్, స్మూతనింగ్ అనేవి వెంట్రుక లోపలి గంధక బంధాలను మందుతో తెంచి, ఇస్త్రీ పెట్టి, కొత్త రూపంలో మళ్లీ బిగించే పనులు. తెగి అతికిన వెంట్రుక మునుపటంత గట్టిగా ఉండదు. ఇక కెరాటిన్ ట్రీట్‌మెంట్ అనగానే జుట్టుకు బలం పోస్తారనుకుంటాం. నిజానికి చాలా రకాల్లో పని చేసేది కెరాటిన్ కాదు. ఫార్మాల్డిహైడ్‌నో, వేడి తగిలితే దాన్ని వదిలే రసాయనాన్నో పట్టించి, రెండు వందల డిగ్రీలు దాటిన ఇస్త్రీతో సీలు వేస్తారు. గదిలో కళ్లు మండి, గొంతు గరగరలాడేది అందుకే. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగం ఎప్పుడో తేల్చింది. రోజూ అదే గాలి పీల్చే పార్లర్ అమ్మాయికి ముప్పు మనకన్నా ఎక్కువ.

'ఇది ఫార్మాల్డిహైడ్ ఫ్రీ మేడమ్' అంటారు. అప్పుడు అందులో ఏముందని అడగాలి. దాని బదులు కొన్నింట్లో గ్లైఆక్సిలిక్ ఆమ్లం వాడుతున్నారు. 2024 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక యువతి కేసు ప్రచురించింది. ఇరవై ఆరేళ్ల ఆమె మూడుసార్లు జుట్టు సాఫీ చేయించుకుంది, మూడుసార్లూ కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ మందులో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంది. తలకు రాసింది తలతోనే ఆగిపోదని దీన్నిబట్టే తెలుస్తుంది.

2022 అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ పరిశోధకులు ఇంకో లెక్క చెప్పారు. 33,497 మంది మహిళలను దాదాపు పదకొండేళ్లు గమనించారు. జుట్టు సాఫీ చేసే మందులు ఏడాదికి నాలుగుసార్లకు మించి వాడినవాళ్లకు, అసలు వాడనివాళ్లతో పోలిస్తే గర్భాశయ క్యాన్సర్ ముప్పు రెట్టింపు పైనే ఉంది. ఒక్కసారి చేయించుకుంటే క్యాన్సర్ వస్తుందని దీని అర్థం కాదు. కానీ 'ఏం కాదు మేడమ్' అనే మాటకు ఆధారం లేదని మాత్రం అర్థం.

ఆ అధ్యయనంలో ఈ మందులు వాడామన్నవాళ్లలో సుమారు అరవై శాతం నల్లజాతి మహిళలే. వాళ్లు సరదాకి వాడలేదు. చుట్టల జుట్టుతో వస్తే ఆఫీసులు, స్కూళ్లు ఒప్పుకోని పరిస్థితిలో వాడారు. అందుకే అక్కడ సహజ జుట్టు కోసం ఉద్యమమే నడిచింది. సహజమైన జుట్టు తీరును బట్టి ఉద్యోగంలో, చదువులో వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది, దాని పేరు క్రౌన్ యాక్ట్. తర్వాత మరికొన్ని రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. మన అమ్మాయిలు ఇవాళ ఫోన్లో చూసి నేర్చుకుంటున్న శాటిన్ దిండు గలీబు, తడిమీద రాసే లీవ్-ఇన్ క్రీము, చాలావరకు ఆ ఇళ్లల్లోంచి వచ్చినవే.

ఇప్పటికే స్మూతనింగ్ చేయించుకుని మానేయాలనుకునే వాళ్లు ఓపిక పట్టాలి. కుదుళ్ల నుంచి వచ్చేది పాత రింగులే. ఆరు నెలలకు మూడంగుళాల రింగులు, కింద సాఫీ తోక తయారవుతాయి. రెండూ కలిసే చోట వెంట్రుక తేలిగ్గా తెగుతుంది, అక్కడ దువ్వెన మెల్లగా నడపాలి. ప్రతి రెండు మూడు నెలలకోసారి కింది భాగం కత్తిరించుకుంటూ పోవడమే మార్గం. ఈ మధ్యలో పార్లర్‌కి వెళ్లిన ప్రతిసారీ 'టచప్ చేసేద్దామా' అని అడుగుతారు. 'పెంచుకుంటున్నాను' అనండి చాలు. కారణాలు చెప్పడం మొదలుపెడితే బేరం మొదలైనట్టే.

విజయవాడలో ఒక కాలనీలో, ఇంటి ముందు గదిలోనే రెండు కుర్చీలతో నడిచే పార్లర్ ఒకటి నాకు తెలుసు. పెళ్లి మూడు వారాలుందనగా ఒకమ్మాయి వచ్చి, 'అక్కా, స్మూతనింగ్ చేసెయ్యండి' అంది. అప్పటికి రెండుసార్లు రంగు వేయించుకున్న తల. ఆ ఇల్లాలు ఒక వెంట్రుక తీసి, నీళ్లలో ముంచి, రెండు చేతుల మధ్య మెల్లగా లాగింది. సాగింది గానీ వెనక్కి రాలేదు, పుటుక్కున తెగింది. 'చూశావా? ఇది ఇంకో దెబ్బ తట్టుకోదు. పూలజడ వేస్తాను, రింగులు ఎవరికీ కనబడవు' అంది. వచ్చే డబ్బు చేజేతులా వదులుకుంది. పెళ్లయ్యాక కూడా ఆ అమ్మాయి పుట్టింటికొచ్చినప్పుడల్లా అక్కడికే వెళ్తోంది, ఇద్దరు ఆడపడుచులను కూడా వెంటబెట్టుకుని. మంచి పార్లర్‌ను ఏసీని బట్టి, అద్దాలను బట్టి గుర్తుపట్టలేం. 'ఇది మీకొద్దు' అనగలిగిన మనిషి ఉందా లేదా చూడాలి.

గోరింటాకు, కుంకుడుకాయ

సహజం అన్న పేరుతో అమ్మేవాటి దగ్గరా కళ్లు తెరిచే ఉండాలి. అసలైన గోరింటాకు నారింజ, ఎరుపు రంగులే ఇస్తుంది, నలుపు ఇవ్వదు. నలుపు రావాలంటే గోరింటాకు తర్వాత నీలిమందు ఆకు పొడి పెట్టాలి, దానికి గంటలు పడుతుంది. అరగంటలో జుట్టు నల్లబడే 'హెర్బల్ బ్లాక్ మెహందీ'లో ఉండేది చాలావరకు పీపీడీ అనే రసాయన రంగు. అది పడనివాళ్లకు తల దురద, మొహం వాపు, కళ్లు మూసుకుపోవడం జరుగుతాయి. ముందు మోచేతి మడతలో చుక్క రాసి 48 గంటలు చూడాలని ప్యాకెట్ మీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్యాకెట్ చూపించమంటే గిన్నెలో కలిపేశాం అంటే, ఆ గిన్నె మీ తలకు వద్దు. మీరు ఇంట్లో మెహందీ పెట్టుకుని ఉంటే ఆ సంగతి పార్లర్‌లో ముందే చెప్పాలి. కొన్ని పొడుల్లో కలిపే లోహ లవణాలకూ రంగు మందులకూ పడదు.

కుంకుడుకాయ రసంతో తలంటే పార్లర్లు కూడా వచ్చాయి. సంతోషమే. బోరు నీళ్లలో సబ్బు విరిగిపోయి తెల్లటి మడ్డి జుట్టుకు పడుతుంది, కుంకుడు రసంతో ఆ బాధ లేదు. అయితే కుంకుడు జిడ్డును బాగా లాగేస్తుంది. మన పెద్దలు ముందు నూనె పట్టించింది అందుకే. నూనె లేకుండా నేరుగా కుంకుడు పోస్తే రింగుల జుట్టు గడ్డి పరకలవుతుంది. ఇంటి నుంచే నూనె రాసుకుని వెళ్లండి, ఎవరేమనుకున్నా సరే.

తలంటే బేసిన్ దగ్గర ఇంకో జాగ్రత్త. మెడను వెనక్కి బాగా వంచి చాలాసేపు ఉంచితే మెదడుకు వెళ్లే రక్తనాళాలు నొక్కుకుపోయి పక్షవాతం రావచ్చు. ఇది అరుదు, కానీ 1993 నుంచీ వైద్య గ్రంథాల్లో ఉన్నదే. 2022లో హైదరాబాద్‌లోనూ ఒక మహిళకు ఇలా జరిగిందని పత్రికల్లో వచ్చింది. మెడ కింద తువ్వాలు మడిచి పెట్టమనండి. కళ్లు తిరిగినట్టున్నా, వికారంగా ఉన్నా వెంటనే లేచి కూర్చోండి. మగవాళ్లకూ ఒక మాట: కటింగ్ అయ్యాక మెడ పటుక్కుమనిపించే సేవ వద్దని చెప్పండి, ఉచితమైనా సరే.

బిల్లు

బోర్డు మీద పెద్ద అంకె, దాని పక్కన చీమ తలకాయంత 'నుంచి' ఉంటుంది. పొడుగు జుట్టుకు, ఒత్తు జుట్టుకు రేటు మారుతుంది. 'నా జుట్టుకు, ట్యాక్స్‌తో కలిపి, మొత్తం ఎంత?' అని గుడ్డ కప్పకముందే అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఇంకా పాత శాతమే కనిపిస్తే అడగండి.

పని చెడిపోతే ఏడుస్తూ బయటికి రాకండి. అక్కడే ఫొటోలు తీయండి, వాడిన మందు పేరు రాసుకోండి, బిల్లు తీసుకోండి. ఢిల్లీలో ఒక మోడల్‌కు 2018లో స్టార్ హోటల్ సెలూన్‌లో చెప్పినదాని కన్నా జుట్టు బాగా పొట్టిగా కత్తిరించారు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2021లో రెండు కోట్ల పరిహారం ఇమ్మంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సేవలో లోపం ఉందన్న మాట జోలికి పోలేదు గానీ, అంత నష్టానికి రుజువులేవి అని అడిగి, పరిహారం లెక్క మళ్లీ తేల్చమని వెనక్కి పంపింది. మన కేసులు అంత పెద్దవి కావు. కానీ కాగితం లేనిదే కోర్టు కదలదన్నది అందరికీ ఒకటే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగులో మాట్లాడొచ్చు. జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంటుంది.

అయితే ఎక్కువమందికి కావాల్సింది కేసు కాదు, నమ్మకంగా తల అప్పగించే ఒక చెయ్యి. అలాంటి చెయ్యి దొరికినప్పుడు చేయాల్సింది చాలా సులువు. 'నేను చెప్పినట్టే చేశావమ్మా, బాగుంది' అని ఆమె మొహం మీదే చెప్పండి, ఆమె మేనేజరు వినేలా చెప్పండి. పేరు అడగండి. టిప్పు ఆమె చేతికే ఇవ్వండి. వచ్చేసారి ముందుగా ఫోన్ చేసి, ఆమె డ్యూటీలో ఉన్న రోజు కనుక్కుని వెళ్లండి.